చికొండి బుగ్గ మీద చుక్క

ఫార్మింగ్టన్ హిల్స్

మలావి ఎక్కడుందో నాకు మొదట్లో తెలియదు. వెళ్తానన్న రోజున కూడా తెలియదు, కాబట్టి ఈ సంగతి ముందే ఒప్పుకుంటే నయం. ఎనభైల మధ్యలో మిషిగన్‌లో ఉన్న మా తెలుగు క్రైస్తవ కుటుంబాలం నెలకోసారి ఎవరో ఒకరి బేస్‌మెంట్‌లో ప్రార్థనకి కలిసేవాళ్ళం. ఆఫ్రికాలోని మలావిలో ఒక మిషన్ ఆసుపత్రికి పది వారాలపాటు పిల్లల నర్సు కావాలని వచ్చిన ఉత్తరాన్ని ఒక ఆదివారం చదివి వినిపించారు. చదివాక అందరూ తలలు వంచి ప్రార్థన చేశారు. నేను తలెత్తేసరికి అందరూ నావైపే చూస్తున్నారు. ఆ గదిలో పిల్లల వార్డులో పనిచేసే నర్సుని నేనొక్కదాన్నే.

"లీవ్ అప్లై చేశాక నాతో చెప్దామనుకున్నావా?" అన్నారు మా ఆయన, కారు స్టార్ట్ చేస్తూ.

"మమ్మీ, అక్కడ లయన్స్ ఉంటాయా?" అని వెనక సీట్లోంచి మా అమ్మాయి సునీత. దానికప్పుడు పదేళ్ళు.

"పిల్లలుంటారే. వాళ్ళకి టీకాలు వెయ్యాలి."

"దట్సాల్?" అంది చప్పగా. పది వారాల్లో నాకు ఒక్క సింహం కూడా కనిపించలేదు. ఆ ఆశతో చదివేవాళ్ళు ఉంటే సునీతలాగే ఇక్కడే నిరుత్సాహపడితే మంచిది.

లిలాంగ్వె నుంచి దారిలో

ఆ దేశంలో అప్పట్లో ఆడవాళ్ళు ప్యాంటు వేసుకోకూడదని చట్టం ఉండేది. మోకాళ్ళు కనిపించడమూ కుదరదు. రాజధాని లిలాంగ్వె ఎయిర్‌పోర్టులో నా ముందున్న యూరప్ అమ్మాయికి అప్పటికప్పుడు ఒక గుడ్డ ఇచ్చి నడుముకి చుట్టుకోమన్నారు. నేను పెట్టె తెరిచి చీర చూపించాను. అధికారి దాన్ని రెండు మడతలు విప్పి, ఇంకా ఉందని గ్రహించి, విప్పడం మానేసి స్టాంపు వేశాడు. బాపట్ల వదిలాక నా చీరకి దక్కిన మొదటి గౌరవం అదే. మిషిగన్‌లో అయితే చీర కట్టుకుని కిరాణా షాపుకి వెళ్ళినా ఇవాళ మీకేం పండగ అని అడుగుతారు.

చీర కట్టుకుని బయటికొచ్చేసరికి, నన్ను తీసుకెళ్ళడానికి ఆసుపత్రి నుంచి ఎస్నాత్ వచ్చి ఉంది. నలభై దాటిన మనిషి. ఊరూరా తిరిగి పిల్లల్ని చూసే క్లినిక్ అంతా ఆవిడ చేతిమీదే నడుస్తుంది. ఇంగ్లీషు నెమ్మదిగా, ఒక్కో మాటా కడిగి పెట్టినట్టు మాట్లాడుతుంది. "ఇందులో ముగ్గురికి బట్ట వస్తుంది సిస్టర్" అంది నా చీర కుచ్చిళ్ళు చూసి. అది మెచ్చుకోలో మందలింపో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సరస్సు వైపు వెళ్ళే రోడ్డు మీద మనుషులు పొడుగాటి వెదురుబద్దలు పట్టుకుని కార్లకి అడ్డంగా ఊపుతున్నారు. బద్దల మధ్య వరసగా ఏవో నల్లగా ఉన్నాయి. దగ్గరికొచ్చాక చూస్తే ఎలకలు. ఉడకబెట్టి, ఉప్పు పట్టించి, బొచ్చుతో సహా ఎండబెట్టినవి. కోతలయ్యాక పొలాల్లో గడ్డి కాల్చి పడతారట. ఎస్నాత్ కారు ఆపించి ఒక బద్ద కొంది. పన్నెండు ఎలకలు, రెండు కోక్ సీసాల ఖరీదు. నాకొకటి విరిచి ఇవ్వబోయింది. కడుపు బాగాలేదన్నాను. కడుపు బాగానే ఉంది. మా వైపు కూడా వరికోతలప్పుడు గట్లు తవ్వి ఎలకలు పట్టి కాల్చుకుని తినేవాళ్ళుండేవారు. చిన్నప్పుడు నేను మూతి తిప్పుకుని ఆ పక్క నుంచే బడికి వెళ్ళేదాన్ని. అంత దూరం ప్రయాణం చేసి మళ్ళీ మూతి తిప్పుకున్నందుకు కాస్త సిగ్గేసింది.

ఆసుపత్రి ఊరు

ఆ ఊరి పేరు చిలింబ అనుకుందాం. ఎర్రమట్టి, గడ్డి కప్పులు, మధ్యలో రేకుల ఆసుపత్రి, దాని వెనక నాకిచ్చిన ఒంటి గది. అక్కడ ఎవరూ తలుపు కొట్టరు. గుమ్మానికి పది అడుగుల ఇవతల నిలబడి, రెండు చేతులూ మెత్తగా చరుస్తూ "ఓడీ" అంటారు. లోపలివాళ్ళు "ఓడీనీ" అనేదాకా కదలరు. అమెరికాలో ముందు ఫోన్ చెయ్యాలి, మనవైపు నేరుగా వంటింట్లోకి వచ్చెయ్యచ్చు. ఈ పద్ధతి రెంటికీ మధ్యస్థంగా ఉందనిపించింది. మొదటివారం ఆ సంగతి తెలియక నేను బదులు పలకలేదు. గుమ్మం ముందు ముసలావిడ ఒకామె అరగంట నిలబడి, నాకోసం తెచ్చిన గుమ్మడికాయని అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

నాకు అన్నిటికన్నా కష్టమైనవి పలకరింపులు. నేను పనిచేసే డెట్రాయిట్ ఆసుపత్రిలో "హై" అనేలోపు మనిషి కారిడార్ దాటిపోతాడు. ఇక్కడ దారిలో ఎవరు ఎదురైనా ఆగాలి. ఎలా లేచారు అంటారు. మేం బాగానే లేచాం, మరి మీరు అనాలి. మీరు బాగా లేస్తే మేమూ బాగా లేచినట్టే అంటారు. తర్వాత ఇంట్లోవాళ్ళు ఎలా లేచారు, పిల్లలు ఎలా లేచారు. ఇల్లు తగలబడుతోందని చెప్పడానికి వచ్చినవాడైనా ముందు ఇవన్నీ అడిగే చెప్పాలేమో. నేను నర్సుని, గడియారం చూసుకుంటూ బతికేదాన్ని. మూడోరోజుకే విసుగొచ్చి ఎస్నాత్‌తో అనేశాను.

"మీ ఊళ్ళో ముందు ఏం అడుగుతారు?" అంది ఆవిడ.

"పనేంటో అడుగుతాం."

"మనిషి ఉన్నాడో లేడో తెలియకుండానే?"

మర్నాటినుంచి నేనూ ఆగి అడగడం మొదలుపెట్టాను. విసుగు మాత్రం తగ్గలేదు.

తిండి దగ్గర ఏ ఇబ్బందీ లేదు. మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన ముద్ద, పేరు న్సిమా. మన సంకటికి తెల్లరంగు వేసినట్టు ఉంటుంది. దాంట్లోకి వేరుశనగపొడి వేసిన ఆకుకూర, లేదా ఎండుచేపల పులుసు. ముద్ద చేత్తో తీసి, బొటనవేలితో గుంట చేసి, కూర అద్దుకుని తింటారు. నేను ఎవరూ నేర్పకుండానే తినేసరికి చుట్టూ చేరిన ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. అంతకుముందు వచ్చిన నర్సమ్మ ఫోర్కు అడిగిందట. ఆ ఎండుచేపలు అచ్చం మా సూర్యలంక నెత్తళ్ళే. ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా ఇంట్లో ఒకసారి నెత్తళ్ళు వేయిస్తే పక్కింటివాళ్ళు గ్యాస్ లీకవుతోందేమోనని ఫోన్ చేశారు. ఇక్కడ ఊరంతా అదే వాసన, ఎవరికీ అభ్యంతరం లేదు.

చెట్టుకొమ్మకి వేళ్ళాడిన పిల్లలు

వారానికొక ఊళ్ళో క్లినిక్ పెట్టేవాళ్ళం. చెట్టుకొమ్మకి త్రాసు కట్టి, గుడ్డతో కుట్టిన నిక్కరు దాని కొక్కేనికి తగిలించి, పిల్లల్ని అందులో దింపుతారు. ఒక్కొక్కడూ కాళ్ళు ఆడిస్తూ గాల్లో వేళ్ళాడుతుంటే నేను బరువు చూసి కార్డులో రాయాలి. చదువు రాని తల్లులు కూడా ఆ కార్డుని ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఇంటి కప్పులో దోపి, ప్రాణంలా దాచుకుంటారు. క్లినిక్ మొదలయ్యేముందు తల్లులంతా పాటలు పాడతారు. భక్తిపాటలనుకుని నేను తల వంచుకున్నాను. గంజిలో వేరుశనగపొడి కలపడం గురించట.

బరువు చూశాక పిల్లల్ని పక్కనున్న చర్చిగదిలోకి తీసుకెళ్ళాలి. లోపల ఎస్నాత్ తట్టు రాకుండా టీకా వేస్తుంది. గుమ్మం దగ్గర స్టూలు మీద ఫిరి గారుంటారు. యాభై ఏళ్ళ మనిషి, ఆసుపత్రికి పాత నమ్మకస్తుడు. మనం పేరు చివర గారు తగిలిస్తే వాళ్ళు పేరు ముందు అలాంటిదేదో తగిలిస్తారు. నేను తెలుగు పద్ధతిలోనే పిలిచేదాన్ని, ఆయన పలికేవారు. ఆయన అక్కడ ఏం చేస్తారో నేను అడగలేదు. నా పని త్రాసు దగ్గర.

ఆరో వారం ఒకడొచ్చాడు. పది నెలలవాడు, పేరు చికొండి. వాళ్ళ భాషలో ప్రేమ అని అర్థం. ఆ ఎండాకాలపు ఊళ్ళో పిల్లలంతా ఎముకలు లెక్కపెట్టేలా ఉంటే వీడొక్కడూ మెడ కనిపించకుండా బలిసి ఉన్నాడు. నిక్కరులో దింపగానే త్రాసు ముల్లు జర్రున కిందికి దిగింది. వాడు కిలకిలా నవ్వాడు. వరసలో ఉన్న తల్లులందరూ వాడినే చూస్తున్నారు. నా చెయ్యి దానంతటదే పక్కనున్న సీసాలోకి వెళ్ళింది. నోటి పుళ్ళకి పూసే ఊదా మందు అది, చిక్కగా ఉంటే నల్లగా కనిపిస్తుంది. దూదిపుల్లతో తీసి వాడి బుగ్గ మీద చుక్క పెట్టాను.

దిష్టి మీద నాకు నమ్మకం లేదు. మా నాన్నగారు పాస్టరు, మా ఇంట్లో ఆ మాటే అననిచ్చేవారు కాదు. అయినా మా అమ్మ ఆయన అటు తిరగగానే మా అందరికీ కాటుక చుక్క పెట్టేది. సునీతకి నేను మస్కారాతో పెట్టాను.

వాడి తల్లిని అందరూ చికొండి వాళ్ళమ్మ అనే పిలుస్తారు. పెద్దబిడ్డ పేరుతో తల్లిని పిలవడం మనకీ ఉన్నదే కాబట్టి నాకు కొత్తగా లేదు. ఆవిడ వాడి బుగ్గ చూసుకుని, మోకాళ్ళు వంచి దణ్ణం పెట్టి, సంతోషంగా వెళ్ళిపోయింది.

ఫిరి గారి స్టూలు

రెండు వారాల తర్వాత ఎస్నాత్ చెయ్యి బెణికింది. టీకాలు నన్ను వెయ్యమంది. మొదటిసారి చర్చిగదిలో కూర్చున్నాను. ఒక బిడ్డకి టీకా వేసి తల్లికి అందించాను. తల్లి గుమ్మం దగ్గర ఆగింది. ఫిరి గారు ఊదా మందులో పుల్ల ముంచి ఆ పిల్ల బుగ్గ మీద చుక్క పెట్టారు.

నాకు ఎంత ముచ్చటేసిందో చెప్పలేను. "ఎస్నాత్! మీరూ పెడతారా? దిష్టి తగలకుండా మా దేశంలో కూడా సరిగ్గా అక్కడే పెడతాం" అన్నాను.

"ఏం తగలకుండా?" అంది ఎస్నాత్. "అది టీకా అయిందన్న గుర్తు. కొందరు తల్లులు రెండుసార్లు పొడిస్తే రెట్టింపు మంచిదనుకుని మళ్ళీ వరసలో నిలబడతారు. వేలికి పెడితే పిల్లలు చీకేస్తున్నారు. అందుకని బుగ్గమీద. చుక్క ఉన్నవాళ్ళని ఫిరి గారు లోపలికి రానివ్వరు."

సిరంజి కింద పెట్టాను. ఆ ముచ్చట అంతా ఎటుపోయిందో తెలియదు. చికొండి త్రాసు దగ్గర్నుంచి నేరుగా ఈ గుమ్మం దగ్గరికే వచ్చి ఉంటాడు, బుగ్గ మీద నా చుక్కతో.

ఎస్నాత్‌కి సంగతి చెప్పాక ఇద్దరం ఫిరి గారిని అడిగాం. ఆయనకి గుర్తుంది. "ఆ లావు పిల్లాడు. అయిపోయింది, వెళ్ళమ్మా అన్నాను" అన్నారు. తర్వాత సంగతి అర్థమై స్టూలు మీంచి లేచి నిలబడ్డారు.

ఇంకెవరికైనా పెట్టానా అని ఆలోచించుకున్నాను. లేదు, ఆ ఒక్కడికే. అంత ముద్దుగా ఇంకెవరూ లేకపోవడం వల్ల మిగతా పిల్లలందరికీ టీకా పడింది. ఎస్నాత్ అప్పుడు మెల్లగా ఇంకో మాట చెప్పింది. చికొండి వాళ్ళు చేపల కాలం కదా అని సరస్సు ఒడ్డుకి వెళ్ళారు. ఆ ఒడ్డు గుడిసెల్లో తట్టు మొదలైందని నిన్ననే కబురొచ్చింది. డెట్రాయిట్‌లో నేను తట్టు కేసుల్ని చూసింది తక్కువ. ఇక్కడి వార్డులో ఆ ఎనిమిది వారాల్లోనే చాలా చూశాను. ఆ పిల్లల్లో కొందరు ఇంటికి తిరిగి వెళ్ళలేదు.

చేపల గుడిసెలు

ఆసుపత్రి జీపు పట్నం వెళ్ళింది. ఎప్పుడొస్తుందో తెలియదు. పధ్నాలుగు మైళ్ళు. తెల్లారగానే రెండు సైకిళ్ళ మీద బయల్దేరాం. ఎస్నాత్ తన సైకిలుకి మంచుగడ్డలు పెట్టిన టీకాల పెట్టె కట్టుకుంది, బెణికిన చేత్తోనే. ఫిరి గారి సైకిలు వెనక క్యారియర్ మీద నేను ఒక పక్కకి కూర్చున్నాను. బాపట్లలో మా బాబాయి సైకిలు మీద అలా కూర్చునేదాన్ని. అప్పుడు నా బరువు వేరు. ఇసకలో చక్రం దిగబడ్డప్పుడల్లా దిగి నెట్టాం. ఒకసారి చీర చెయిన్‌లో ఇరుక్కుంది. ఫిరి గారు మారుమాట లేకుండా జానెడు మేర కోసేశారు. దారి పొడుగునా ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది.

గుడిసెల మధ్య రెల్లు బల్లల మీద వెండిరంగు చిన్నచేపలు ఎండుతున్నాయి. చికొండి వాళ్ళమ్మ వాటిని తిరగేస్తోంది. మమ్మల్ని చూసి పని ఆపి చాప పరిచింది. వాడు ఆవిడ వీపున గుడ్డలో ఉన్నాడు. తల వెనకభాగం మాత్రమే కనిపిస్తోంది. నిద్రపోతున్నాడో, జ్వరంతో తూగుతున్నాడో తెలియడం లేదు. నేను అటు వెళ్ళబోతే ఎస్నాత్ నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

ఎలా లేచారు. మేం బాగానే లేచాం, మరి మీరు. మీరు బాగా లేస్తే మేమూ బాగా లేచినట్టే. పిల్లలు? పక్క గుడిసెలో ఇద్దరు బాగా లేవలేదు, ఒళ్ళంతా తట్టు. మరి మీవాడు? మావాడు బాగా లేచాడు.

ఏడుపొచ్చింది. అన్ని పలకరింపుల మధ్య నాకు కావలసిన మాట అది. ఇన్నాళ్ళూ విసుక్కున్న ఆ పద్ధతిలోనే అది వచ్చింది.

వాడిని దింపి చూశాం. జ్వరం లేదు, కళ్ళు ఎర్రబడలేదు. ఎస్నాత్ టీకా తీసింది. తల్లి వాడిని వెనక్కి లాక్కుంది. అయిపోయింది కదా అని తన బుగ్గ మీద వేలు పెట్టి చూపించింది. చుక్క ఎప్పుడో చెరిగిపోయింది.

"అది మందు కాదని చెప్పండి. తప్పు నాది, ఫిరి గారిది కాదని కూడా చెప్పండి" అన్నాను.

ఎస్నాత్ చెప్పింది. మరి ఎందుకు పెట్టావని అడిగింది ఆ తల్లి, నేరుగా నన్నే చూస్తూ.

"వాడు చాలా ముద్దుగా ఉన్నాడని. ఎవరి కన్నూ వాడి మీద పడకూడదని."

ఎస్నాత్ దాన్ని వాళ్ళ భాషలోకి మార్చడానికి చాలాసేపు తీసుకుంది. విన్నాక చికొండి వాళ్ళమ్మ వాడిని చంకన సర్దుకుంది. తర్వాత ఏదో అంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. ఫిరి గారు కూడా ఆ రోజంతటిలో మొదటిసారి నవ్వారు.

"ఏమంది?"

"ఎవరి కన్నూ పడకూడదని పెట్టావు, చివరికి సూదిమందువాళ్ళ కన్ను కూడా పడకుండా చేశావు అంటోంది."

వాడిని నా ఒళ్ళో పెట్టింది. నేనే టీకా వేశాను. ఊరంతా వినపడేలా ఏడ్చాడు. కానీ పక్క గుడిసెలో తట్టు ఉంది, వీడికి అప్పటికే అంటుకుని ఉండచ్చు. అంటుకుందో లేదో తేలడానికి రెండు వారాలు పడుతుందని ఎస్నాత్‌కీ తెలుసు, నాకూ తెలుసు. నా విమానం తొమ్మిదో రోజున. ఒడ్డున మిగిలిన పిల్లలకీ టీకాలు వేసి, పొద్దు వాలకముందే తిరుగుదారి పట్టాం.

ఎస్నాత్ ఉత్తరం

ఇంటికొచ్చాక అందరూ సింహాల గురించే అడిగారు. ప్రేయర్ మీటింగ్‌లో నాచేత స్లైడ్లు వేయించారు. త్రాసుకి వేళ్ళాడే పిల్లల్ని చూసి బాగా నవ్వుకున్నారు. చికొండి బొమ్మ వచ్చినప్పుడు "అరె, దిష్టిచుక్క! హౌ క్యూట్!" అన్నారెవరో. నేను తర్వాతి స్లైడుకి వెళ్ళిపోయాను. కథంతా మా ఆయనకి ఒక్కరికే చెప్పాను. "నువ్వు కావాలని చేశావా?" అన్నారాయన. కావాలని చేసి ఉంటే పశ్చాత్తాపపడి ఊరుకునేదాన్ని. ముద్దొచ్చి చేసినదాన్ని ఏం చెయ్యాలో నాకు తెలియలేదు.

ఉత్తరం ఆరు వారాలకి వచ్చింది. బయట మంచు కురుస్తోంది. మెయిల్‌బాక్స్ దగ్గరే బూట్లతో నిలబడి చించాను. ప్రియమైన సిస్టర్, నేను బాగానే లేచాను, మీరూ బాగా లేచి ఉంటే. మీ భర్తగారు ఎలా లేచారు. మీ అమ్మాయి ఎలా లేచింది. నా చెయ్యి నయమైంది. ఫిరి గారు మిమ్మల్ని అడిగినట్టు చెప్పమన్నారు. ఆయన సైకిలు చెయిన్‌లో ఇంకా మీ చీర దారాలు వస్తున్నాయట. వానలు బాగా పడ్డాయి. ఒక పేజీ అయిపోయింది. దాటవేసి కింద చూద్దామనిపించింది. చూడలేదు. వరసలోనే చదివాను.

రెండో పేజీ మధ్యలో ఉంది. చికొండి బాగానే లేచాడు. తట్టు రాలేదు, ఇప్పుడు నడుస్తున్నాడు.

ఆ ముక్క ఇంకోసారి చదివాను. తర్వాత మిగతాది చదివాను.

"ఇక్కడ ఒక కొత్త చిక్కు వచ్చింది. ఈ నెల క్లినిక్‌కి చాలామంది తల్లులు పిల్లల బుగ్గల మీద మసితో చుక్కలు పెట్టి తెస్తున్నారు. ఫిరి గారు కోప్పడి, ఎవరు పెట్టమన్నారని అడిగారు. చుక్క ఉన్న పిల్లాడిని వెతుక్కుంటూ ఆసుపత్రివాళ్ళు పధ్నాలుగు మైళ్ళు సైకిలు మీద వచ్చారు కదా, మా పిల్లలకి చుక్క లేకపోతే ఎవరొస్తారు అన్నారు. ఇప్పుడు నేను బుగ్గ చూడటం మానేసి కార్డు మాత్రమే చూస్తున్నాను."

ఆ సాయంత్రమే జవాబు రాయడానికి కూర్చున్నాను. అందరూ ఎలా లేచారని అడిగాను, ఒక్కొక్కరినీ పేరుపేరునా. చేపలు ఎలా పడుతున్నాయని అడిగాను. ఫిరి గారి సైకిలు సంగతి కూడా అడిగాను. ఆ చుక్కలు తుడిచెయ్యమని చెప్పండని మాత్రం రాయలేకపోయాను.